తప్పు యంత్రానిదా, విండోస్‌దా, అమ్మాయిదా?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాము. వ్రాసినది ఒక గ్రామ సంఘ కార్యదర్శిగారు. ఊరి పేరు వేయవద్దని కోరారు. వారి సంఘపు బాప్తిస్మపు రిజిస్టరు పాతబడి, పుటలు ముట్టుకుంటే రాలిపోయే స్థితికి వచ్చిందట. యౌవనస్థుల కూటములో ఉన్న, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి రెండు వేసవి సెలవులు కూర్చుని ఆ పేర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. కొన్ని పట్టికలు ఎక్సెల్‌లో, కొన్ని జాబితాలు నోట్‌ప్యాడ్‌లో. ఇప్పుడు ఎక్సెల్ ఫైళ్లలో అయిదారు అసలు తెరుచుకోవడం లేదు. నోట్‌ప్యాడ్ ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గాని, ఒకచోట 1981 అని ఉండవలసిన సంవత్సరం 1989 అయింది. ఇంకొకచోట ఒక పేరు నడుమ నల్లని గుర్తులో ప్రశ్నార్థకం కనబడుతోంది.

పట్టణం నుండి వచ్చిన మెకానిక్ "విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. పెద్దలలో ఒకరు "పిల్ల అజాగ్రత్తగా టైపు చేసి ఉంటుంది, కంప్యూటరును అని ఏమి లాభం" అన్నారు. ఆ మాట అమ్మాయి చెవిని పడింది. మూడు ఆదివారాలుగా ఆమె క్వయరులో నిలబడడం లేదు. "ఫార్మాట్ చేయించమంటారా, అమ్మాయి చేత మళ్లీ టైపు చేయించమంటారా?" అని కార్యదర్శిగారు అడిగారు.

రెండూ వద్దని ఆ రోజే ఫోను చేసి చెప్పాము. ఇటువంటి ఇబ్బంది చాలా సంఘాలలోను, ఇళ్లలోను ఉన్నది గనుక మిగిలినది ఇక్కడ వ్రాస్తున్నాము.

లేవీయకాండము 14వ అధ్యాయం చివరి భాగం మనం ఎక్కువగా చదవము. ఇంటి గోడకు పొడ పుడితే ఏమి చేయాలో అక్కడ ఉన్నది. ఇంటి యజమాని యాజకుని దగ్గరకు వచ్చి, తన ఇంట్లో పొడ వంటిది ఏదో కనబడుతున్నదని మాత్రమే చెబుతాడు. అది ఫలానా అని తానే తేల్చడు. యాజకుడు లోపలికి వెళ్లకముందే ఇల్లు ఖాళీ చేయిస్తాడు. తరువాత చూస్తాడు, ఏడు దినాలు మూసి ఉంచి మళ్లీ చూస్తాడు. పొడ వ్యాపిస్తే, అది పట్టిన రాళ్లను మాత్రమే ఊడదీసి వేరే రాళ్లు పెట్టిస్తాడు. అప్పటికీ తిరిగి వస్తేనే ఇల్లు పడగొట్టడం. మన మెకానిక్ మొదటి రోజునే ఇల్లు పడగొట్టమన్నాడు, అది కూడా సామాను లోపల ఉండగానే. కంప్యూటరు పరీక్షకు ఇంతకంటె మంచి వరుస మాకు కనబడలేదు.

ముందు ఇల్లు ఖాళీ చేయడం చూద్దాము. చెడిన ఫైలును తెరిచి మళ్లీ సేవ్ చేయకండి. ఫార్మాట్ మాట ఎత్తకండి. "చెక్ డిస్క్" అనే విండోస్ పనిముట్టు ఉన్నది. దానిని ఊరక చూడమంటే చూస్తుంది, బాగుచేయమంటే డిస్కు మీద మార్పులు వ్రాస్తుంది. డిస్కే చావుకు దగ్గరగా ఉంటే ఆ బాగుచేతతోనే మిగిలినది పోవచ్చు. ఇంకొక మాట. అనుమానం ఉన్న కంప్యూటరుతోనే నకలు తీయకండి. ఆ యంత్రం జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, చెడి ఉంటే నకలు తీసేటప్పుడే అక్షరాలు మారిపోతాయి. హార్డ్ డిస్కును విప్పించి, మంచిదని తెలిసిన మరొక కంప్యూటరుకు తగిలించి అక్కడ నకలు తీయించండి. పది నిమిషాల పని, స్క్రూడ్రైవరు ఉంటే చాలు.

ఇప్పుడు గోడను చూద్దాము. బోరు నీళ్లు మురికిగా వస్తే ఏమి చేస్తాము? బోరు దగ్గర ఒక చెంబు, ట్యాంకు దగ్గర ఒక చెంబు, వంటింటి కుళాయి దగ్గర ఒక చెంబు పట్టి చూస్తాము. ఫైలు కూడా అలాగే దారి వెంట వస్తుంది. డిస్కులో ఉంటుంది, కేబుల్ గుండా ర్యామ్‌లోకి వస్తుంది, విండోస్ దానిని ఎక్సెల్‌కో నోట్‌ప్యాడ్‌కో అందిస్తుంది. చెడు ఎక్కడ కలిసిందో తెలుసుకోవాలంటే చెడిన తీరును ముందు గమనించాలి.

కరెంటు పోయినప్పుడు వ్రాస్తున్న ఫైలుకు పేరు, సైజు సరిగానే ఉండి లోపల మాత్రం అంతా సున్నలు ఉండవచ్చు. విండోస్ తన డిస్కులో ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే లెక్కలను జాగ్రత్తగా కాపాడుకుంటుంది గాని, లోపలి సంగతికి అంత హామీ ఇవ్వదు. ఇది యంత్రం చెడడం కాదు, యు.పి.ఎస్. లేకపోవడం. ఫైళ్లన్నిటికీ పేరు చివర కొత్త తోకలు వచ్చి, డబ్బు అడుగుతూ ఒక చీటీ కనబడితే అది వైరస్. ఫోటో సగం బాగుండి మిగతా సగం బూడిదరంగు అయితే నకలు మధ్యలో ఆగి ఉంటుంది, లేదా నడుమ ఒక భాగం చెడి ఉంటుంది. డిస్కులో రంధ్రం వంటి చెడు భాగం ఏర్పడితే సాధారణంగా డిస్కే మొరపెడుతుంది. ఫైలు చదవలేనని చెబుతుంది, లేదా కంప్యూటరు నిమిషాల కొలది బిగుసుకుపోతుంది. డిస్కు తాను వ్రాసిన ప్రతి ముక్కతో పాటు సరిచూసుకునే గుర్తులను కూడా వ్రాసుకుంటుంది గనుక, తప్పు అక్షరాన్ని నిశ్శబ్దంగా చేతికి ఇవ్వడం అరుదు.

కాబట్టి 1981 నిశ్శబ్దంగా 1989 కావడం మా దృష్టిని పట్టింది. మనుష్యుడు టైపు చేస్తే కూడా ఈ తప్పు రావచ్చు. అయితే కంప్యూటరు లోపల ప్రతి అంకె ఎనిమిది చిన్న గుర్తుల వరుస. 1కి ఆ వరుస 00110001. 9కి 00111001. రెంటికీ తేడా ఒక్క గుర్తు! ర్యామ్‌లో ఒక్క గడి మొండికేస్తే 1 కాస్తా 9 అవుతుంది, ఎవరూ కీబోర్డు ముట్టుకోనక్కర లేదు. తెలుగు అక్షరానికి ఇటువంటి వరుసలు మూడు కావాలి. వాటిలో ఒకటి చెడితే వేరే అక్షరమైనా వస్తుంది, అర్థం కాని గుర్తయినా వస్తుంది. ఎక్సెల్ ఫైలు అయితే మూట కట్టి బిగించిన సామాను వంటిది. ముడిలో ఒక పోగు తెగితే మూటంతా విప్పుకోదు. నోట్‌ప్యాడ్‌లో ఒక అక్షరం మారడం, ఎక్సెల్ అసలు తెరుచుకోకపోవడం, రెండూ ఒకే జబ్బు కావచ్చునని మాకు అనిపించింది.

అనిపించడం తీర్పు కాదు గనుక కార్యదర్శిగారిని మూడు సంగతులు అడిగాము. మొదటిది, ఆ అమ్మాయి పని ముగించిన రోజున వేరే ఎక్కడైనా నకలు ఇచ్చిందా? రెండవది, కంప్యూటరుకు ఈమధ్య ఏమైనా కొత్తగా తగిలించారా? మూడవది, ఒక పరీక్ష చేసి చూడగలరా?

ఆ పరీక్ష ఇది. 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకుంటే, ఏ ఫైలు మీదనైనా మౌసు కుడి బొత్తాము నొక్కి దాని వేలిముద్ర తీయవచ్చు. దానిని ఎస్.హెచ్.ఎ.-256 అంటారు, అక్షరాలు అంకెలు కలిసిన ఒక పొడుగు వరుస. ఫైలులో ఒక్క గుర్తు మారినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. ఉజ్జీవ కూడికల వీడియో వంటి పెద్ద ఫైలు ఒకటి తీసుకోండి. వేలిముద్ర తీసి కాగితం మీద వ్రాసుకోండి. కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి, అదే ఫైలుకు మళ్లీ తీయండి. ఆపి వేయడం ఎందుకంటే, విండోస్ ఒకసారి చదివిన దానిని ర్యామ్‌లోనే దాచుకుని రెండవసారి అక్కడి నుండే చూపుతుంది. ఇలా పదిసార్లు చేయండి. ఎవరూ ముట్టుకోని ఒకే ఫైలుకు రెండు రకాల వేలిముద్రలు వస్తే దారిలో ఎక్కడో నీరు కలుషితం అవుతున్నట్లే. ర్యామ్ గాని, కేబుల్ గాని, కరెంటు సరఫరా చేసే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా గాని కారణం కావచ్చు. పదిసార్లూ ఒకటే వచ్చి, నకలు తీసినప్పుడు మాత్రం తేడా వస్తే, నకలు వెళ్లే చోటును, అంటే పెన్‌డ్రైవును, అనుమానించాలి.

అప్పటికీ ఇది విండోస్ పని కాదని ఎలా చెప్పగలము? విండోస్‌ను పక్కకు తప్పించి చూడాలి. ఉబుంటు అనే లినక్స్‌ను పెన్‌డ్రైవులో వేసుకుంటే, డిస్కులో ఏమీ మార్చకుండా దాని మీదనే కంప్యూటరు నడుస్తుంది. అందులో కూడా అదే వీడియోకు వేలిముద్రలు మారుతుంటే విండోస్ నిర్దోషి. ఎందుకంటే అది ఆ సమయంలో నిద్రపోతూ ఉన్నది! లినక్స్‌లో పదిసార్లూ ఒకేలాగ వచ్చి విండోస్‌లో మాత్రమే మారితే విండోస్‌ను, దాని డ్రైవర్లను, యాంటీవైరస్‌ను పట్టుకోవాలి. అయితే ఒక్కసారి బాగా వచ్చిందని తృప్తిపడకండి. ర్యామ్ జబ్బు మలేరియా జ్వరం వంటిది, వస్తూ పోతూ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం రేకుల గదిలో వచ్చే తప్పు తెల్లవారుజామున రాకపోవచ్చు.

ఇటువంటి ఓపిక ఏమి సాధిస్తుందో తెలిపే వృత్తాంతం ఒకటి లోకప్రసిద్ధం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో లించ్‌బర్గ్ కాలేజీలో థామస్ నైస్లీ అనే గణిత ఆచార్యుడు ఉండేవారు. 1994లో ఆయన ప్రధాన సంఖ్యల మీద పెద్ద లెక్క ఒకటి అనేక కంప్యూటర్ల మీద నడుపుతున్నారు. అప్పుడే కొత్తగా పెంటియం కంప్యూటరు ఒకటి చేర్చారు. జూన్ నెలలో లెక్కలు పొసగలేదు. కొత్త యంత్రాన్ని ఆయన వెంటనే నిందించలేదు. తాను వ్రాసిన ప్రోగ్రామును వెదికారు, కంపైలరును అనుమానించారు, మదర్‌బోర్డును అనుమానించారు. ఒక్కొక్కటే పక్కన పెడుతూ వచ్చి, పాత 486 యంత్రంలో రాని తప్పు పెంటియంలో మాత్రమే వస్తున్నదని తేల్చుకునేసరికి అక్టోబరు అయింది. అప్పుడు ఇంటెల్ కంపెనీకి తెలియజేశారు. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. ఆ చిప్ 1.33374 ఇచ్చేది. డిసెంబరులో ఇంటెల్ కోరిన వారందరికీ చిప్ మార్చి ఇస్తామని ప్రకటించింది. నాలుగు నెలలు పట్టినా, చివరికి ఆయన మాట కాదనడానికి ఎవరికీ చోటు లేకపోయింది. మనకు నాలుగు నెలలు అక్కర లేదు, రెండు రాత్రులు చాలు.

మూడు వారాలకు కార్యదర్శిగారి దగ్గర నుండి జవాబు వచ్చింది. పోయిన ఏడు కంప్యూటరు నెమ్మదిగా ఉన్నదని పాత సామానుల దుకాణం నుండి రెండవ ర్యామ్ పలక ఒకటి తెచ్చి వేయించారట. ఆ తరువాతనే ఫైళ్లన్నీ కొత్త ఫోల్డరులోకి నకలు తీసి పాతవి తుడిచివేశారు. వీడియో వేలిముద్ర పదింటిలో నాలుగుసార్లు వేరుగా వచ్చింది. లినక్స్‌లో కూడా మారింది. ఇక మిగిలినది ర్యామ్ పరీక్ష. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవులో వేసి, కంప్యూటరును దానితోనే మొదలుపెట్టి రాత్రంతా వదిలారు. తెల్లవారేసరికి తెర మీద ఎర్రని వరుసలు. ఒక పలక తీసి మళ్లీ నడిపారు, అది తీసినదానిలో పెట్టి ఇంకొకటి తీసి మళ్లీ నడిపారు. తప్పులన్నీ కొత్తగా కొన్న పలకతోనే వచ్చాయి. ఈ పరీక్షలో "ఒకటి రెండు తప్పులు మామూలే" అనే మాట లేదు, ఒక్క తప్పు వచ్చినా ఆ పలక పనికిరాదు.

ర్యామ్ చెడడం మనం అనుకునేంత అరుదు కాదు. గూగుల్ కంపెనీ యంత్రాల మీద 2009లో ప్రచురించిన పరిశోధనలో ఏడాదికి నూటికి ఎనిమిదికి పైగా పలకలలో తప్పులు కనబడ్డాయి. అక్కడి యంత్రాలలో తప్పును పట్టి దిద్దుకునే రకం ర్యామ్ ఉంటుంది. మన ఇళ్లలోని మామూలు కంప్యూటర్లలో ఆ దిద్దుబాటు ఉండదు.

అమ్మాయి సంగతి ఏమైందని అడుగుతారు. ఆమె పని ముగించిన రోజున పాస్టరమ్మగారికి ఒక పెన్‌డ్రైవు ఇచ్చి ఉన్నది, అది బీరువాలో చీరల మధ్య అలాగే ఉన్నది. మంచి కంప్యూటరులో తెరిచి చూస్తే అందులో 1981 అనే ఉన్నది. ఎక్సెల్ ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. కాగితపు రిజిస్టరుతో పోల్చి చూడగా ఆమె చేసిన టైపు తప్పులు మొత్తం మీద ఏడే ఏడు దొరికాయట! ఆ పెద్దాయన ఆమె ఇంటికి స్వయంగా వెళ్లి మాట్లాడి వచ్చారని కార్యదర్శిగారు వ్రాశారు.

అయితే ప్రతిసారీ ర్యామే దొంగ అనుకోకండి. డిస్కు ఆరోగ్యం చూడడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. అందులో 05, సి5, సి6 అనే వరుసలలో అంకెలు నెలనెలా పెరుగుతుంటే డిస్కు మార్చవలసిందే. సి7 అనే వరుస మాత్రమే పెరుగుతుంటే డిస్కును పారవేయకండి, ఎక్కువసార్లు అది కేబుల్ జబ్బు. కొద్ది డబ్బుతో పోతుంది. ఆ అంకె కేబుల్ మార్చినా తగ్గదు, పెరగడం ఆగిందో లేదో చూడాలి.

విండోస్ కూడా దోషి కాకపోదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను, ఫోటోలను తుడిచివేసింది. కొద్ది రోజులలోనే మైక్రోసాఫ్ట్ దానిని నిలిపివేసి, సరిచేసి నవంబరులో మళ్లీ విడుదల చేసింది. విండోస్ తప్పుకు తరచుగా ఇటువంటి తేదీ ఉంటుంది. ఫలానా అప్‌డేట్ వేసిన రోజు నుండి, ఒకే తీరున, అదే అప్‌డేట్ వేసుకున్న ఇతరులకు కూడా వస్తుంది. యంత్రపు తప్పు ఒక్క యంత్రానిది, ఈ రోజు ఈ ఫైలు, రేపు ఆ ఫైలు. విండోస్ తన సొంత ఫైళ్లను సరిచూసుకునే "సిస్టమ్ ఫైల్ చెకర్" కూడా ఉన్నది. అది మీ రిజిస్టరును బాగుచేయదు, విండోస్ గోడలను మాత్రమే చూస్తుంది. అయినా ఒక ఉపయోగం ఉన్నది. ఈ వారం బాగుచేసిన తరువాత వచ్చే వారం మళ్లీ కొత్తవి చెడినవని చెబితే, తిరిగి తిరిగి వచ్చే పొడకు కారణం ఎక్కువగా రాళ్లలోనే ఉంటుంది. అప్పుడు ఫార్మాట్ చేసినా అదే చెడు ర్యామ్ గుండా కొత్త విండోస్ వెళ్లి కూర్చుంటుంది.

పెన్‌డ్రైవుల విషయంలో ఒక హెచ్చరిక. సంతలో చవకగా దొరికే వాటిలో కొన్ని 128 జి.బి. అని చెప్పుకుంటాయి గాని లోపల 8 జి.బి. మాత్రమే ఉంటుంది. నిండేవరకు బాగుంటాయి, తరువాత వేసినదంతా మాయం. కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ప్రోగ్రాముతో ఒకసారి నింపి చదివించి చూడండి.

రిజిస్టరు పుటలను స్కాన్ చేయించే వారు ఇంకొకటి తెలుసుకోవాలి. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ యువకుడు జిరాక్స్ కంపెనీ యంత్రాలలో ఒక వింత కనిపెట్టారు. ఇంటి ప్లాను స్కాన్ చేస్తే మూడు గదుల కొలతలూ ఒకటే అయి కూర్చున్నాయి. ఫైలు సైజు తగ్గించే పద్ధతి, ఒకేలాగ కనిపించే అంకెలను ఒకదాని బదులు ఒకటి అతికించింది. 6 ఉన్నచోట 8 వచ్చింది. స్కాన్ చూడడానికి శుభ్రంగా ఉంటుంది, మరకైనా ఉండదు! కంపెనీ ఆ తరువాత సవరణ విడుదల చేసింది. మీరు స్కాన్ చేయించేటప్పుడు సైజు ఎక్కువైనా ఫరవాలేదనుకుని హెచ్చు నాణ్యతలో చేయించండి, అంకెలను కాగితంతో పోల్చండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వివాహపు రిజిస్టరు ఉంచడం సంఘ కాపరి విధి. రాలిపోతున్నా సరే ఆ పుస్తకమే అసలు, కంప్యూటరులోనిది నకలు మాత్రమే. గుడ్డలో చుట్టి, చెద పట్టని చోట ఉంచండి.

చివరగా చిన్న ఉత్తరం ఒకటి. ఒక క్వయర్ మాస్టరుగారు, పాత పాటల పుస్తకం ఫైలు కొత్త కంప్యూటరులో తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా వచ్చిందని, ఫైలు చెడిందేమోనని భయపడ్డారు. చెడలేదు. అది అను ఫాంట్స్‌లో టైపు చేసినది. ఆ ఫాంట్లు లేని కంప్యూటరుకు అది తెలుగని తెలియదు. పాత కంప్యూటరులో ఆ ఫాంట్లు ఉన్నంతవరకు పాటలన్నీ క్షేమంగా ఉన్నట్లే. దానిని పాత సామానులవానికి ఇవ్వకముందే ఫాంట్లు తీసి ఉంచుకుని, పాటలను యూనికోడ్‌లోకి మార్పించండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు మాత్రం యు.టి.ఎఫ్.-8 అని ఎంచుకోండి. ఎ.ఎన్.ఎస్.ఐ. అని ఉంచితే ప్రతి తెలుగు అక్షరం ప్రశ్నార్థకంగా మారి కూర్చుంటుంది, అప్పుడు ఏ మెకానిక్ దానిని వెనకకు తేలేడు.